కప్పతల్లి మూట

నా చిన్నప్పుడు మా ఊర్ల సగం మంది నన్ను మూగపిల్ల అనుకుంటుండిరి, మిగిలిన సగం మంది పొగరుబోతు పిల్ల అనుకుంటుండిరి. రెండూ కాదు. నాకు మాటలు మస్తు వచ్చు. కొట్టంల మా బర్రెతోటి పొద్దుగూకేదాక ముచ్చట పెడుతుంటి. మనిషి ముందర నిలబడితేనే ఆ మాటలన్నీ గొంతు కాడికి వచ్చి ఒకదాన్నొకటి నూకుకొని ఆన్నే ఇరుక్కుంటుండె. ఇప్పుడు నేను నోరు తెరిస్తే ఆపమని మా మనుమరాండ్లు రెండు చేతులు జోడిస్తరు గనుక ఈ ముచ్చట ఎవ్వరూ నమ్మరు. నమ్మకపోతే మానె, చెప్పుడైతే చెప్త.

మాది మంథని దిక్కు పల్లెటూరు. మా ఊర్లల్ల పెద్దోళ్ళను పేరు పెట్టి పిలుసుడు ఉండదు. ఏ ఇంటోళ్ళైనా సరే, చుట్టరికం లేకపోయినా సరే, వరుస పెట్టే పిలవాలె. నన్ను కన్న మా అవ్వ ఎవరినన్న అక్కా అంటే ఆమె నాకు పెద్దవ్వ. మా బాపు ఎవరినన్న బావా అంటే ఆయన ఇంటామె నాకు అత్త. వరుస తప్పి పిలిస్తే తిట్టరు గని నవ్వుతరు. ఆ నవ్వు సాయంత్రానికి ఊరంత తిరిగి మళ్ళ మన ఇంటికే వస్తది. నాకు ఆ నవ్వంటే పులి కన్న ఎక్కువ బుగులు. అందుకే ఎవరింటికన్న పోవాలంటే ఇంటి కాడి నుంచే ఆ వరుసను లోపల్లోపల అనుకుంటనే నడుస్తుంటి.

ఒకనాడు అవ్వ గిలాస చేతికిచ్చి, పక్కింటి పెద్దవ్వను జర తోడు పెరుగు అడుక్కరమ్మన్నది. పక్కిల్లే, గోడ అవతల. పోయిన. దర్వాజ ముందర నిలబడ్డ. పెద్దవ్వ పండుకున్నదేమో, లేపితే కోపానికొస్తదేమో. పండుకోకపోతే తింటున్నదేమో. తినేటప్పుడు పిలిస్తే నన్ను గూడ తినమంటదేమో. తింటే ఇంటికాడ అవ్వ తిడుతది, వద్దంటే పెద్దవ్వ ఏమనుకుంటదో. ఇట్ల సోంచాయించుకుంట సోంచాయించుకుంట కాళ్ళు గుంజేదాక నిలబడి, ఖాళీ గిలాసతోటి తిరిగొచ్చి, తోడు లేదన్నదే అవ్వా అని చెప్పిన. అంతల్నే గోడ మీదికెళ్ళి పెద్దవ్వ తలకాయ లేసింది.

"ఏమే, నా ఇంట్ల తోడు లేదని ఎవలన్నరే? కుండెడు పెరుగు ముందర పెట్టుకొని కూసున్న. నీ బిడ్డ వచ్చి నా దర్వాజతోటి ముచ్చట పెట్టి పోయింది, నాతోటి గాదు" అన్నది.

మా అవ్వ నెత్తి కొట్టుకున్నది. నేను వడ్ల గుమ్మి వెనక్కు పోయిన. పెద్దవ్వ మాత్రం పడి పడి నవ్వి, ఆ పూట నుంచి నన్ను ఎండ్రకాయా అని పిలుసుడు పెట్టింది. ఎవరన్న ఎదురొస్తే నేను గోడకు అంటుకొని పక్కకు పక్కకు జరుగుతుంటినట, పొలం గట్టు మీద ఎండ్రకాయ తీరు. ఆ నవ్వు నాకెందుకో నొప్పనిపించలే. బహుశా ఆమె ముఖం మీదనే నవ్వింది గనుక కావచ్చు.

ఈ పెద్దవ్వ ముచ్చట జర చెప్పాలె. ఒక్కతే ఉంటుండె. నోట్ల ఎప్పుడూ చుట్ట. కోపం ముక్కు మీద, నవ్వు దాని పక్కన. ఊర్ల పెండ్లయితే గోడకు ఎర్రమన్ను జాజు పూసి, సున్నంతోటి బొమ్మలు గీసుడు ఆమె పనే. ఈతపుల్ల కొసను నమిలి నమిలి కుంచె చేసుకొని, ఎర్రటి జాజు మీద తెల్లటి నెమలిని గీస్తే, కోళ్ళు దాని దిక్కు అనుమానంగ చూస్తుండె. ఇంకొక పని గూడ ఆమెదే. వానలు పడని ఏడు కప్పతల్లి ఆడేటప్పుడు కప్పను పట్టి మూటల కట్టుడు. తడి గుడ్డల కప్పను కట్టి, యాప మండలు చుట్టి, రోకలి నడుమ వేలాడదీస్తరు. రోకలిని ఇద్దరు పిల్లలు భుజాల మీద పెట్టుకొని ఇల్లిల్లు తిరుగుతరు. ప్రతి ఇంటామె బయటికొచ్చి ఆ కప్ప మీద నీళ్ళు పోస్తది. కప్ప సల్లబడితే పైన మొగులు సల్లబడుతదని మా దిక్కు నమ్మకం.

ఆ ఏడు మిరుగం కార్తె చినుకు లేక ఉత్తగ పోయింది. ఆరుద్ర గూడ పోతుండె. బాపు నారు పోసిన మడి నెర్రెలిచ్చింది, మళ్ళొకసారి పోస్తే అదీ పసుపు పచ్చగయ్యింది. బాయిల బొక్కెన వేస్తే నీళ్ళ కన్న బురదనే ఎక్కువ వస్తుండె. మా బాపు మాట పలుకు లేని మనిషి కాదు, మస్తు ఎచ్చులు చెప్పేటోడు. అసొంటి మనిషి గట్టు మీద ఉత్తగ నిలబడి మొగులు దిక్కు చూస్తుండె. రాత్రి అన్నం ముందర కూసుండి నువ్వు తిన్నంక తింట బిడ్డా అంటుండె. నేను తిన్నంక గూడ సరిగ తినకపోతుండె.

ఊరోళ్ళు కప్పతల్లి ఆడిద్దమనుకున్నరు. మా ఊర్ల దీనికొక పద్ధతి ఉన్నది. రోకలి ఒక్కొక్క ఏడు ఒక్కొక్క ఇంటోళ్ళది. ఏ ఇంటి రోకలైతే, ముందు కొసను ఆ ఇంటి ఆడపిల్లనే భుజాన పెట్టుకోవాలె. ముందు కొస పట్టుకున్న పిల్లనే ప్రతి గడప ముందర ఇంటామెను వరుస పెట్టి గట్టిగ పిలవాలె, కప్పతల్లి వచ్చింది, నీళ్ళు పొయ్యి అని. ఆమె పిలవకపోతే ఆ ఇంటోళ్ళు బయటికి రారు, నీళ్ళు పొయ్యరు. ఆ ఏడు వంతు మా ఇంటిది. మా ఇంట్ల ఆడపిల్లను నేనొక్కదాన్నే.

చూడుండ్రి నా తిప్పలు. తోడు పెరుగు అడగలేని పిల్ల ఊరందరిని పేరు పేరున, కాదు, వరుస వరుసన పిలవాలె! ఆ మాట విన్న కాన్నుంచి నాకు ముద్ద మింగుడు పడలే. నవ్వుతరన్న బుగులు ఒకటైతే, దాని వెనుక దాని కన్న పెద్ద బుగులొకటి మొలిచింది. నేను తప్పు పలికితే వాన రాదు. వాన రాకపోతే నారు ఎండుతది, బాపు అన్నం తినడు, ఊరు ఊరంత నా దిక్కే చూస్తది. గా పిల్ల నోరు పడిపోయి వాన పోయింది అంటరు. ఎంత వద్దనుకున్న నా ఆలోచన ఆన్నే తిరుగుతుండె, గానుగెద్దు తీరు. అవ్వకు చెప్పలేకపోయిన, బాపుకు అసలే చెప్పలేకపోయిన. బర్రెకు చెప్పిన. అది నెమరేసింది.

పెద్దవ్వకు ఎట్ల తెలిసిందో నాకిప్పటికీ తెల్వదు. మధ్యాహ్నం గోడ మీదికెళ్ళి, ఓ ఎండ్రకాయా ఇటు రా, జాజు కలపాలె అని పిలిచింది. ఆమె కొట్టం ఎనక ఒక మట్టి గోడ ఉండె, ఎవరూ చూడనిది. దానికి కొత్తగ జాజు పూసి ఉన్నది. ఇద్దరం ఆ నీడకు కూసున్నం. ఆమె ఈతపుల్ల నమిలి, సున్నంల ముంచి, గోడ అడుగున మట్టిల తవ్వినట్టు ఒక బొర్ర గీసింది. బొర్ర ముంగట ఒక ఎండ్రకాయ. రెండు కండ్లు బయటికొచ్చి, ముందరి రెండు కొండెలు ముడుచుకొని, అచ్చం నా లెక్కనే ఉన్నది.

గీసుకుంటనే కథ అందుకున్నది. కప్ప పెండ్లట. పిలవడానికి కొంగ వచ్చిందట. కొంగ కప్పను తినదా అని అడిగిన. పెండ్లినాడు తినదు, నువ్వు నడుమల మాట్లాడకు అన్నది. నేను నడుమల మాట్లాడిన్నని నాకప్పుడే తెలిసింది. ఎండ్రకాయకు పెండ్లికి పోవాలని మస్తు ఉన్నది. గని అది పక్కకు గదా నడుస్తది. అందరు ముందుకు నడుస్తుంటే నేను పక్కకు నడిస్తే నవ్వరా అనుకున్నదట. అనుకోంగనే పెద్దవ్వ దాని తల మీద ఒక సున్నం చుక్క పెట్టింది. పోనీ మెల్లగ పోతే? ఇంకొక చుక్క. అందరికన్న ఎనక పోతే? ఇంకొకటి. ఎనక పోతే ఎందుకింత ఆలస్యమని అడగరా? ఇంకొకటి.

మరునాడు మధ్యాహ్నం పోయేసరికి చుక్కలు గోడ సగం నిండినయి. నేను చూస్తుండంగనే ఇంకా పెడుతనే ఉన్నది. ఆమె కథ చెప్పుడు బంద్ చేసింది, ఉత్త చుక్కలే. సున్నం చుక్క మీద చుక్క పడి, చివరికి ఎండ్రకాయ కాళ్ళు కనపడలే, కొండెలు కనపడలే, కండ్లు గూడ కనపడలే. తెల్లటి మచ్చ ఒకటి మిగిలింది.

"అగో, ఎండ్రకాయ యాడికి పోయిందే?" అన్నది పెద్దవ్వ, ఏమీ తెల్వనట్టు.

  నా తలకాయ లోపల ఉన్నదాన్ని, ఎవ్వరికీ చెప్పనిదాన్ని, చెప్పరానిదాన్ని ఈమె గోడ మీద ఎట్ల గీసింది? నా లోపలికి చూసెటోళ్ళు ఒకరున్నరని తెలిస్తే భయమెయ్యాలె గదా, నాకు ఏడుపొచ్చింది. పెద్దవ్వ నా దిక్కు చూడనట్టే చూసి, తడి బట్ట తీసుకొని ఆ చుక్కలను మెల్లగ తుడిచింది. ఎండ్రకాయను మళ్ళ గీసింది. ఈసారి బొర్ర కాడ కాదు, పెండ్లి పందిరి ముంగట, దర్వాజ బయట.

లోపలికి పోయిందా అని అడిగిన. నాకేమెరుక, నేను చూసిన్నా అన్నది. రేపు నువ్వు పోయొచ్చి చెప్పు, గప్పుడు గీస్త అన్నది. ఇగ ఎంత బతిమిలాడినా కుంచె ముట్టలే, చుట్ట అంటుపెట్టుకున్నది.

తెల్లారింది. మా రోకలిని కడిగి పసుపు రాసిండ్రు. పెద్దవ్వ కొట్టం ఎనకకు పోయి మూట కట్టుకొచ్చింది. పిల్లలు చూస్తమంటే ఒక్క కసురు కసిరింది, కప్ప బెదురుతది, ఎవ్వరు ముట్టద్దు అని. తడి గుడ్డ, చుట్టూ యాప మండలు, నీళ్ళు బొట్టు బొట్టు కారుతున్నయి. రోకలి నడుమ కట్టి ముందు కొసను నా భుజం మీద పెట్టింది. వెనుక కొస మా చిన్నాయిన బిడ్డది, నా ఈడుదే, గొంతు మాత్రం ఊరి డప్పంత. అది పిలిస్తే ఎంత బాగుండునో అనుకున్న. పెద్దవ్వ నా చెవుల కాడికి వంగింది.

"జర పైలం బిడ్డా. లోపల అది బుగులు పడుతున్నది. ఎండ మస్తున్నది. నీళ్ళు పడకుంటె గంతే దాని పని" అన్నది.

గంతే చెప్పింది. నా గురించి ఒక్క మాట చెప్పలే.

మొదలు మా ఇల్లే, మా అవ్వనే. పిలిచిన, ఇంట్ల పిలిచినట్టు. అవ్వ పోసింది. రెండో ఇంటి ముందర నా గొంతు పడిపోయింది. ఆ ఇంటి అత్త నీళ్ళ సర్వ పట్టుకొని దర్వాజ లోపల నిలబడ్డది, పిలిస్తే వద్దామని. ఎనక పిల్లలందరు మెడలు సాపి చూస్తుండిరి. బాపు దూరంగ చెరువు కట్ట మీద నిలబడి ఉండె. చిన్నాయిన బిడ్డ ఎనక నుంచి రోకలితోటి నన్ను పొడుస్తున్నది. నాకు తల మీద సున్నం చుక్కలు ఒక్కొక్కటి పడుతున్నట్టే ఉన్నది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి.

అప్పుడు మూట కదిలినట్టనిపించింది.

అయ్యో, లోపల అది ఎంత పరేషానయితున్నదో! ఎవ్వరి చేతుల ఉన్నదో తెల్వదు, యాడికి పోతున్నదో తెల్వదు, చుట్టూ చీకటి, పైన ఎండ. నేను నోరు తెరువకపోతే అత్త రాదు, నీళ్ళు పడవు, ఇది ఎండి సస్తది. భయపడకు, ఒక్క పిలుపే, ఇప్పుడే పోస్తరు అని లోపల్లోపల దానికి చెప్పిన. చెప్పి, "అత్తా! కప్పతల్లి వచ్చింది, నీళ్ళు పొయ్యి!" అని ఒక్క కేక పెట్టిన.

నా గొంతు అంత దూరం పోతదని నాకే ఎరుక లేదు. కట్ట మీద బాపు ఇటు తిరిగి చూసిండు. అత్త ఉలిక్కిపడి, సర్వ ఎత్తి పోసింది. మూట మీద కొంత, నా మీద కొంత. ఎన్నొద్దుల నుంచో అందరం చెంబు నీళ్ళకే తానం కానిస్తుంటిమి. ఆ సల్లటి నీళ్ళు నెత్తి మీద పడితే పానం లేసొచ్చింది.

ఇగ నడిచినం. ప్రతి గడపకు ముందు కప్పకు చెప్పుడు, దాని తర్వాత పిలుసుడు. పెద్దవ్వా. చిన్నవ్వా. అత్తా. వదినె. నాకిప్పటికీ తలుచుకుంటే గుండె నిండేదేందంటే, ఆ నీళ్ళు. బాయి ఎండిన ఏడు. ఒక ముసలామె తాగే కుండల నుంచి వంపి తెచ్చింది, కుండ అడుగు రాయికి తగిలిన చప్పుడు నేను విన్న. ఎవ్వరూ కొద్దిగ పోస్తమనలే. ఉన్నది పోసి, చేతులు జోడించి మొక్కుతుండిరి. చిన్నపిల్లనైనా నాకు తెలిసింది, ఇది ఆట కాదని.

ఊరి చివర ఒక ఇల్లు. ఆ ఇంటి ముసలామె నాకు అమ్మమ్మ వరుస. దారి పొడుగూత అమ్మమ్మా, అమ్మమ్మా అని అనుకుంట పోయిన. తలుపు కదిలింది, కొంగు కనపడ్డది, "అమ్మమ్మా! కప్పతల్లి వచ్చింది" అని ఒర్రిన.

బయటికొచ్చింది ముసలామె కాదు. ఆ ఇంటి కొత్త కోడలు. మందమర్రి బొగ్గుబాయి కాలనీల పుట్టి పెరిగిన పిల్ల. పెండ్లయినంక నాట్లకు అక్కరకొస్తదని ఊరికి తోలుకొచ్చిండ్రు. వానా లేదు, నాట్లూ లేవు. వచ్చిన కాన్నుంచి ఆమె గడప దాటి ఎరుగదు, గొంతు ఎట్లుంటదో ఎవ్వరూ వినలే. నాకు అత్త కావాలె ఆమె. నిన్నమొన్నటి పెండ్లికూతురును, పారాణి గూడ ఆరనిదాన్ని అమ్మమ్మా అని ఊరందరి ముందర పిలిచిన!

పిల్లలందరు గొల్లుమన్నరు.  మూట నా భుజం మీద బరువెక్కింది. ఆ కొత్త కోడలు నన్ను చూసింది. ఆమె ముఖం ఎర్రగయ్యింది, పెదాలు అదిరినయి. ఏడుస్తదేమో అనుకున్న. ఒక్కసారి ఫక్కున నవ్వింది. బిందె నడుము మీద నుంచి జారుతుంటే పట్టుకొని, నీళ్ళు ఒలికిపోతుంటే, నవ్వాపుకోలేక గడప దాటి వాకిట్లకొచ్చి కూలబడ్డది.

"నేనుగూడ గీ బుగులుకే బయటికొస్తలే పిల్లా" అన్నది నాకొక్కదానికే వినపడేటట్టు. "ఎవలను ఏమని పిలవాన్నో తెల్వక. వరుస తప్పుతె నవ్వుతరని."

లేసి బిందెల ఉన్న నీళ్ళు సగం మూట మీద పోసింది, మిగిలినవి నా నెత్తి మీద గుమ్మరించింది. "పో మనుమరాలా" అన్నది. ఈసారి అందరితోటి నేనుగూడ నవ్విన. ఆ పొద్దు ఆమె లోపలికి పోలే. మిగిలిన ఇండ్లకు మా ఎనకనే వచ్చింది. నేను పిలిచిన వరుసను విని, ఆమె తనకేమైతదో లెక్కేసుకొని, తనుగూడ పిలుసుకుంట.

ఇంత చేస్తే సాయంత్రానికి మొగులు మీద దూదింత మబ్బు లేదు. అదే ఎండ, అదే గాలి. నవ్వినంతసేపు నవ్విన గని ఇంటికొచ్చినంక మళ్ళ చుక్కలు మొదలైనయి. ఒక్క ఇంటి కాడ వరుస తప్పిన గదా. అందుకే రాలేదు. నా నోరే కొట్టింది. ఏడ్చుకుంట పెద్దవ్వ ఇంటికి పోయిన. ఈసారి దర్వాజ కాడ ఆగుడు గూడ యాదికి లేదు, పెద్దవ్వా అనుకుంట సీదా లోపలికే పోయిన. ఆమె రోకలి నుంచి మూట విప్పుతున్నది. నేను తప్పు పలికిన, వాన రాలే, కప్పను జర ఇడువు, పాపం పొద్దటి నుంచి బుగులు పడుతున్నది అన్న, ఎక్కిళ్ళ నడుమ.

పెద్దవ్వ నన్ను పక్కకు కూసోపెట్టుకొని మూట నా ఒళ్ళె పెట్టింది. నువ్వే విప్పు అన్నది.

యాప మండలు తీసిన. గుడ్డ ముడి విప్పిన. లోపల పిడికెడు తడి మట్టి ముద్ద. గంతే. కప్ప లేదు.

నేను మట్టిని అటిటు తిప్పి చూసిన. గుడ్డ దులిపిన. పొద్దంత నా భుజం మీద కదిలింది, ఊపిరి పీల్చింది, నేను ధైర్యం చెప్తే విన్నది ఏది?   లోకంల ఇంతకన్న పెద్ద ఇచ్చంత్రం, ఇసొంటి వింత నేను చూడలే.

పెద్దవ్వ చుట్ట పక్కకు పెట్టి చెప్పింది. ఆమెగూడ చిన్నప్పుడు రోకలి మోసిందట. ఆట అయిపోయినంక మూట విప్పితే, నీళ్ళు అంతగ పడని ఏడు, కప్ప ఎండి కట్టెయి ఉన్నదట. ఎన్నో దినాలు ఏడ్చిందట. పెద్దగయినంక మూట కట్టే పని నాకియ్యిండ్రి అని అడిగి తీసుకున్నది. అప్పటి నుంచి ఆ మూటల కప్పను పెట్టలే. ఊర్ల ఎవ్వరికీ తెల్వదు.

మరి వాన ఎట్లొస్తది అని అడిగిన.

"కప్పను కట్టిన నాడు గూడ ఒక్కొక్క ఏడు వచ్చింది, ఒక్కొక్క ఏడు రాలే. మట్టిని కట్టిన నాడు గూడ గంతే. వాన కప్ప మాట వినదు బిడ్డా, నీ మాట వినదు, నా మాట వినదు. నీ మీద పెట్టుకోకు గంత బరువు."

మరి ఎందుకు తిరుగుడు అన్న. పెద్దవ్వకు కోపమొచ్చింది. "ఎందుకేందే? మొగులు దిక్కు చూసుకుంట ఎవలింట్ల వాళ్ళు కూసుంటె పానాలుంటయా? ఇయ్యాల్ల ఊరంత బయటికొచ్చింది. గా మందమర్రి పిల్ల నవ్వింది. మీ బాపు నీ కేక విని తువ్వాలతోటి కండ్లొత్తుకున్నడు, చూసినవా?"

నేను చూడలే. బాపు ఇటు తిరిగినదాక చూసిన గని, నా చుక్కల కింద నాకు ఆయన కండ్లు కనపడలే.

చీకటి పడకముందే ఇద్దరం కొట్టం ఎనకకు పోయినం. ఎండ్రకాయ ఇంకా దర్వాజ బయటనే ఉన్నది. లోపలికి పోయింది పెద్దవ్వా అని నేను చెప్పిన. పక్కకు నడుసుకుంటనే పోయింది. పోయి తప్పు మాట మాట్లాడింది. దర్వాజ ఎనక నత్త ఒకటి గుల్లల దాక్కొని ఉండె, అది నవ్వి కొమ్ములు బయటపెట్టింది. పెద్దవ్వ నేను చెప్పినదంత గీసింది. నత్త ముఖం మీద నవ్వు ఎట్ల గీసిందో నాకు ఇప్పటికీ సమజు కాదు, నత్తకు నోరే కనపడదు గదా. అయినా నవ్వింది.

కొన్ని దినాలకు, పట్టపగలు, చెప్పా పెట్టకుండ మొగులు నల్లగయ్యింది. మట్టి వాసన ముందొచ్చింది, దాని ఎనక వాన. పూరిగుడిసెలు ఊగినయి. నేను నా ఎండ్రకాయ యాదికొచ్చి కొట్టం ఎనకకు ఉరికిన. గోడ మీద సున్నం కరిగిపోతున్నది. నత్త పోయింది, పందిరి పోయింది, ఎండ్రకాయ కాళ్ళు ఒక్కొక్కటి తెల్లగ జారి, జాజుతోటి కలిసి, ఎర్రగ నా కాళ్ళ మీదికెళ్ళి పారినయి. పెద్దవ్వ తడుసుకుంట వచ్చి పక్కన నిలబడ్డది, నోట్ల ఆరిపోయిన చుట్ట. బొమ్మ పోయింది పెద్దవ్వా అన్న. పోనియ్యే, గా చప్పుడు విను అన్నది.

పొలాల దిక్కు నుంచి కప్పలు మొదలుపెట్టినయి. ఒకటి, దాని ఎనక ఇంకొకటి, ఇగ మొత్తం భూమే ఒర్రినట్టు. నెర్రెలిచ్చిన ఆ మడి కింద ఇన్ని పానాలు ఇన్నొద్దులు నోరు మూసుకొని ఉన్నయా అని నా ఒళ్ళు గగుర్పొడిచింది. ఏ ఒక్కదాన్నీ ఎవ్వరూ మూటల కట్టలే. బాపు పొలం నుంచి నిండ తడిసి వచ్చిండు, నన్ను ఎత్తి భుజాల మీద కూసోపెట్టుకొని, మా పిల్ల పిలిస్తే వచ్చింది వాన అని వాడకట్టంత ఒర్రుకుంట తిరిగిండు. నేను పెద్దవ్వ దిక్కు చూసిన. పెదాల మీద వేలు పెట్టుకొని కన్ను కొట్టింది.

మూటల కప్ప లేదన్న మాట బాపుకు ఎన్నడూ చెప్పలే. ఆ రాత్రి ఆయన రెండుసార్లు అన్నం పెట్టించుకున్నడు, నాకు అదే చాలు. పెద్దవ్వ ముసలిగయినంక మూట కట్టే పని నాకే ఇచ్చింది. బోర్లొచ్చి, కాలువ వచ్చి, కప్పతల్లి ఆడుడు తగ్గినదాక నేనే కట్టిన. మట్టి ముద్దనే కట్టిన. రోకలి మోసే ప్రతి పిల్ల చెవుల, లోపల అది బుగులు పడుతున్నది, పైలం అని చెప్పిన. మందమర్రి అత్తకు ఇప్పుడు నిజంగనే మనుమరాండ్లున్నరు, అయినా ఫోన్ చేస్తే నన్ను మనుమరాలా అనే పిలుస్తది.

మొన్న మా చిన్న మనుమరాలు కాలేజీల కొత్త దోస్తుకు ఫోన్ల ఒక్క ముక్క రాసుడు, చెరుపుడు, మళ్ళ రాసుడు, చెరుపుడు చూసిన. ఏమనుకుంటదో అమ్మమ్మా అన్నది. తిట్టబుద్ధి కాలే. జాజు లేదు, సున్నం లేదు, గీయడానికి మట్టి గోడ గూడ లేదు. ఆమె పక్కన కూసుండి ఈ ముచ్చట చెప్పిన. నువ్విప్పుడు బుగులు పడవు గదా అని అడిగింది. ఎందుకు పడను? కొత్త గడప ముందర నిలబడితే నాకిప్పటికీ గొంతు ఎండుతది. గప్పుడు రోకలి మోసిన కుడి భుజం జర ఎత్తి, భయపడకు, ఒక్క పిలుపే అని మెల్లగ చెప్పుకుంట. మూటల మట్టి తప్ప ఏమీ లేదని నా ఒళ్ళె పెట్టుకొని నేనే విప్పి చూసిన. అయినా చెప్పంగనే అది ఊపిరి పీల్చుకుంటది, నా గొంతు తెరుచుకుంటది.